బలం ఎక్కడ ఆగిపోయింది?

మినీ ట్రాక్టర్ల షోరూంలో సర్వీస్ కౌంటర్ దగ్గర ఒక పూట కూర్చుంటే, వచ్చినవాళ్ల నోట ఎక్కువగా మూడు మాటలే వినిపిస్తాయి. పీటీవో పట్టడం లేదు. పీటీవో ఆగడం లేదు. పీటీవో దగ్గర ఆయిల్ కారుతోంది. (పీటీవో అంటే ఇంజన్ బలాన్ని వెనక పనిముట్టుకు అందించే షాఫ్టు.) కౌంటర్ వెనకున్న కుర్రాడు మూడింటికీ ఒకే ప్రశ్న వేస్తాడు: "ఎప్పుడన్నా?" చాలామంది అక్కడే తడబడతారు. నేనూ అక్కడే తడబడ్డాను, అదీ రెండుసార్లు.

గూడూరు దగ్గర మాకు నిమ్మతోట ఉంది. చెట్ల కొమ్మల కింద పెద్ద బండి దూరదని 24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ తీసుకున్నాను, దానికి నాలుగడుగుల రోటవేటర్. బండి ఒక ఊళ్లో కొన్నాను, రోటవేటర్ సబ్సిడీ కుదిరిందని ఇంకో ఊళ్లో కొన్నాను. మీటర్ మీద 140 గంటలు పడేసరికి వెనక పీటీవో షాఫ్టు చుట్టూ తడి కనిపించింది. తుడిస్తే మర్నాటికి మళ్లీ తడి. దుమ్ము అంటుకుని నల్లటి బంకలా తయారైంది. షోరూంకి తీసుకెళ్తే ఆయిల్ సీల్ మార్చారు. ముప్పై గంటలు తిరిగాయో లేదో మళ్లీ కారింది. ఈసారి సీలుతో పాటు బేరింగు కూడా మార్చి బిల్లు చేతిలో పెట్టారు. కంపెనీ సరుకే మంచిది కాదని ఊళ్లో పదిమందితో అన్నాను. ఆ మాట అనడానికి నా దగ్గర ఉన్నది కోపమే. రుజువు ఒక్కటీ లేదు.

మూడోసారి కారినప్పుడు షోరూంకి పోలేదు. హైవే పక్కన రేకుల షెడ్డులో పనిచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన బండిని ముట్టుకోనైనా లేదు.

"రోటవేటర్ యాడ?"

"ఇంటికాడ ఉంది."

"బండినొక్కదాన్నే తెస్తే నేనేం చూసేది నాయనా? తగిలించుకోని రా."

వెళ్లి తగిలించుకుని వచ్చాను. ఆయన లిఫ్టు లివరు మెల్లగా ఆడించి, రోటవేటర్ షాఫ్టు, బండి షాఫ్టు ఒకే ఎత్తులో ఉండేలా నిలబెట్టాడు. ఇంజన్ ఆపించి, తాళం తన జేబులో వేసుకున్నాడు. జాయింట్ షాఫ్టును విప్పి రెండు ముక్కలుగా లాగి, లోపలి గొట్టం కొనను గుడ్డతో తుడిచి నా ముందు పెట్టాడు. కొన చుట్టూ ఇనుము అద్దంలా మెరుస్తోంది. ఒక పక్క అంచు సుత్తితో కొట్టినట్టు అణిగి ఉంది. "షాఫ్టు పొడుగైపోయింది. లోపల ఇంక పోయేదానికి చోటు లేక బండి నడుముని గుద్దతా ఉంది" అన్నాడు. బయటి గొట్టం, లోపలి గొట్టం, వాటి ప్లాస్టిక్ తొడుగులు, అన్నీ సమానంగా రెండేసి అంగుళాలు కోసి, అంచులు ఆకురాయితో నున్నగా చేసి, గ్రీజు పూసి తగిలించాడు. కొత్త సీలు వేశాడు. ఆ సీలే ఇప్పటికీ ఉంది.

షోరూంవాళ్లు నన్ను మోసం చేశారని ఇప్పుడు అనుకోను. వాళ్ల ముందుకు వచ్చింది ఒంటరి బండి. అందులో చెడిపోయింది సీలు, అదే మార్చారు. రోటవేటర్ అమ్మినవాళ్లు నా బండిని ఎన్నడూ చూడలేదు. ఇద్దరి మధ్యా ఉన్న ఆ మూడడుగుల షాఫ్టు ఎవరి లెక్కలోనూ లేకుండా పోయింది. నేను చూసినంతలో మినీ ట్రాక్టర్ల పీటీవో గొడవలు ఎక్కువగా పుట్టేది ఆ మూడడుగుల్లోనే. బండినీ పనిముట్టునూ కలిపి రోజూ చూసేది యజమాని ఒక్కడే. కాబట్టి ఫిర్యాదులో సగం పని ఆయన కంటిదే.

బలం నడిచే దారి

చూడాలంటే దారి తెలియాలి. ఇంజన్ బలం క్లచ్ గుండా గేర్ బాక్సులోకి వెళ్లి, ఒక పాయ చక్రాలకూ ఒక పాయ వెనక షాఫ్టుకూ చీలుతుంది. వెనక బయటికి కనిపించే ఆ ముక్క మందం 1 3/8 అంగుళాలు, అంటే దాదాపు 35 మిల్లీమీటర్లు, దాని మీద ఆరు పళ్లు. అది నిమిషానికి 540 చుట్లు తిరగాలి. అక్కడినుంచి యోకు (షాఫ్టు చివర పట్టు), క్రాసు (వంపులోనూ తిప్పే కీలు), ఒకదానిలో ఒకటి జారే రెండు గొట్టాలు, మళ్లీ క్రాసు, యోకు, రోటవేటర్ గేర్ బాక్సు, చివరికి బ్లేడ్లు.

540 ఏ రేసులో పడితే ఆ రేసులో రాదు. మీటర్ మీద పీటీవో గుర్తు ఉన్నచోటికి ఇంజన్ చేరితేనే వస్తుంది. చాలా మినీ బండ్లలో ఆ గుర్తు 2,000కు పైనే ఉంటుంది. డీజిల్ ఆదా అవుతుందని రేసు తగ్గించి రోటవేటర్ వేస్తే బ్లేడ్లు మట్టిని కొట్టవు, పెళ్లగిస్తాయి. ఇంజన్ ఈడుస్తుంది. బండికి బలం లేదనే ఫిర్యాదులు కొన్ని ఇక్కడే తేలిపోతాయి. ఇంకొన్ని కొనే రోజే మొదలవుతాయి. బానెట్ మీద రాసిన 24 హెచ్‌పీ ఇంజనుది. పీటీవో దగ్గరికి చేరేది అందులో 85 నుంచి 90 శాతం, అంటే 20, 21 హెచ్‌పీ. పనిముట్టును ఆ అంకె చూసి ఎంచుకోవాలి. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ యంత్ర పరీక్షా సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి ఇచ్చే నివేదికల్లో పీటీవో బలం విడిగా ఉంటుంది. కొనేముందు డీలర్‌ను ఆ కాగితం అడగండి. అడగడానికి మొహమాటపడేవాళ్లను చాలామందిని చూశాను. లక్షలు పెట్టి కొనేటప్పుడు ఒక కాగితం అడగడం తప్పెలా అవుతుంది?

పీటీవో ఏ రకానిదో కూడా తెలుసుకోవాలి. పాత సింగిల్ క్లచ్ బండ్లలో క్లచ్ తొక్కితే చక్రాలూ పీటీవో రెండూ ఆగుతాయి. డబుల్ క్లచ్ బండ్లలో సగం తొక్కితే చక్రాలు ఆగుతాయి, పీటీవో తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా తొక్కితే రెండూ ఆగుతాయి. ఇండిపెండెంట్ పీటీవోకు తన క్లచ్ తనకుంటుంది, ఎక్కువగా హైడ్రాలిక్ ఆయిల్ ఒత్తిడి మీద పనిచేస్తుంది, కాలితో పని లేదు. మీది ఏదో తెలియకుండా మెకానిక్‌తో మాట్లాడితే ఇద్దరూ రెండు వేర్వేరు బండ్ల గురించి మాట్లాడినట్టే.

ఈ మూడు రకాల వెనకా రైతుల ఫిర్యాదులే ఉన్నాయి. అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1918లో తన 8-16 ట్రాక్టర్‌తో పీటీవోను మార్కెట్లోకి తెచ్చింది. మలుపులో క్లచ్ తొక్కగానే వెనకున్న కోత యంత్రం కూడా ఆగిపోయేది. పంట గుబురుగా ఉన్నచోట బండి నెమ్మదిస్తే యంత్రమూ నెమ్మదించి గడ్డి బిగుసుకునేది. 1940ల మధ్యలో కెనడాలోని బ్రాంట్‌ఫర్డ్‌లో కాక్‌షట్ కంపెనీ తన మోడల్ 30లో, బండి ఆగినా ఆగని పీటీవో పెట్టింది. అయినా ఆ తర్వాత వచ్చిన ఫోర్డ్ 8ఎన్‌లో (1947–52) పాత పద్ధతే కొనసాగింది. దానికి గడ్డి కోసే బరువైన యంత్రం తగిలిస్తే, క్లచ్ తొక్కినా గిర్రున తిరుగుతున్న బ్లేడ్ల ఊపు వెనకనుంచి గేర్ బాక్సును తిప్పి బండిని ముందుకు నెట్టేది. గట్టు దగ్గరో కంచె దగ్గరో ఆపాలనుకున్న బండి ఆగేది కాదు. ఒక వైపే బలం పంపే ఓవర్‌రన్నింగ్ కప్లర్ అనే చిన్న ముక్కను షాఫ్టు మీద తగిలిస్తే ఆ బెడద తీరింది. పాత సింగిల్ క్లచ్ బండితో గడ్డి కోత యంత్రం నడిపేవాళ్లెవరికైనా ఈ ముక్క ఈ రోజుకీ అవసరమే.

ఒక సాయంత్రం పరీక్ష

బండిని షోరూంకి తోలే ముందు ఒక సాయంత్రం దీనికి కేటాయించండి. కావలసింది సుద్దముక్క, గుడ్డ, టేపు, కాగితం, కలం.

మొదట ఇంజన్ ఆపి, తాళం తీసి, పీటీవోను న్యూట్రల్‌లో పెట్టి, రోటవేటర్‌ను కాస్త పైకి లేపి కింద దిమ్మలు పెట్టండి. లిఫ్టును నమ్మి దాని కింద చెయ్యి పెట్టకూడదు. రోటర్‌ను చేత్తో తిప్పి చూడండి. ఎక్కడైనా పట్టేస్తే, గరగరమంటే తప్పు పనిముట్టులో ఉంది. బ్లేడ్ల ఇరుసుకు పురికొస, డ్రిప్ పైపు ముక్క, తీగ చుట్టుకుని బేరింగు దాకా పోయి ఉంటాయి. నిమ్మతోటల్లో డ్రిప్ పైపు చేసే చేటు ఇంతా అంతా కాదు.

తర్వాత షాఫ్టు విప్పి పక్కన పెట్టి, బండి పీటీవోను ఒంటరిగా తిప్పండి. పక్కన దూరంగా నిలబడి చూడాలి, వెనక కాదు. చప్పుడు లేకుండా సాఫీగా తిరిగితే బండి సగం బయటపడినట్టే. సగం అని ఎందుకంటున్నానంటే, అరిగిన క్లచ్ ఒట్టిగా తిరిగేటప్పుడు బాగానే తిరుగుతుంది, బరువు పడితేనే జారుతుంది.

మూడోది, షాఫ్టు తగిలించి, రోటవేటర్‌ను నేల మీదనుంచి జానెడు ఎత్తులో ఉంచి తక్కువ రేసులో తిప్పడం. ఇంతకుముందు లేని టకటక ఇప్పుడు వచ్చిందంటే దోషం క్రాసుల్లో ఉంది, లేదా షాఫ్టు అమరికలో ఉంది.

చివరిది మట్టిలో. ఇక్కడ చెవి పెట్టాలి. బ్లేడ్లు నెమ్మదించినప్పుడు ఇంజన్ గొంతు కూడా తగ్గుతోందా? తగ్గితే బలం బ్లేడ్ల దాకా చేరుతోంది, బరువే ఎక్కువైంది: లోతు ఎక్కువ, గేరు ఎక్కువ, లేదా బ్లేడ్లు మొద్దుబారాయి. ఇంజన్ గొంతు మారకుండా హాయిగా పాడుతూ, బ్లేడ్లు మాత్రం నెమ్మదిస్తే బలం దారిలో ఎక్కడో జారిపోతోంది. ఈ ఒక్క తేడా చెప్పగలిగితే మెకానిక్‌కు సగం రోజు పని తప్పుతుంది. షాఫ్టు మీద స్లిప్ క్లచ్ (బరువు మించితే జారే ప్లేట్లు) ఉంటే, పని మొదలుపెట్టే ముందు దాని ప్లేట్ల మీదుగా అడ్డంగా ఒక సుద్దగీత గీయండి. రెండు సాళ్లు వేసి, ఇంజన్ ఆపి చూడండి. గీత ముక్కలై పక్కకు జరిగితే జారుతున్నది అక్కడే, బండిలో కాదు.

ఎక్కువగా వినపడే ఫిర్యాదులు

పట్టడం లేదన్నది నిజంగా లివరు పడకపోవడమైతే, పన్ను పన్నుకు ఎదురుగా నిలబడి ఉండవచ్చు. క్లచ్‌ను ఒకసారి కొద్దిగా వదిలి మళ్లీ పూర్తిగా తొక్కి వేస్తే పడుతుంది. బలవంతంగా లివరు లాగితే వంగేది లోపలి ఫోర్కు. కొత్త బండ్లలో సీటు కింద, క్లచ్ దగ్గర సేఫ్టీ స్విచ్చులుంటాయి. ఒక వైరు ఊడినా పీటీవో కదలకపోవచ్చు. ఇండిపెండెంట్ పీటీవో అయితే ముందు ఆయిల్ మట్టం, తర్వాత హైడ్రాలిక్ ఫిల్టరు చూడాలి. ఆయిల్ తగ్గినా, ఫిల్టరు మూసుకుపోయినా క్లచ్ ప్లేట్లను నొక్కే ఒత్తిడి చాలదు.

ఆయిల్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. తడి బ్రేకులు, తడి క్లచ్ ఉన్న బండి వెనక భాగంలో ఇంజన్ ఆయిల్ పోయకండి. డబ్బా ఇంట్లో ఉందని పోసేస్తారు. ఆ ప్లేట్లకు తగిన పట్టు ఇచ్చేలా చేసిన ఆయిల్ వేరు, మాన్యువల్‌లో దాని గ్రేడు రాసి ఉంటుంది. వరి మళ్లలో దమ్ము చేసే బండ్లకు ఇంకో గండం ఉంది. బురదనీళ్లు పీటీవో సీలు దాకా వస్తాయి. డిప్‌స్టిక్ తీసి చూసినప్పుడు ఆయిల్ పాలు కలిసిన టీ రంగులో ఉంటే నీళ్లు లోపలికి పోయాయి. ఆ రోజుతో బండి ఆపి ఆయిల్ మార్పించాలి. సీజన్ అయిపోనీ అని ఆగితే బేరింగులు ఆగవు.

ఆగడం లేదన్న ఫిర్యాదులో రెండు రకాలున్నాయి. తెల్లవారుజామున ఆయిల్ చల్లగా చిక్కగా ఉన్నప్పుడు, ఏమీ తగిలించని పీటీవో న్యూట్రల్‌లో కూడా మెల్లగా తిరగవచ్చు, చాలా బండ్లలో అది మామూలే. బండి వేడెక్కాక, రోటవేటర్ తగిలించి ఉన్నా ఆగకుండా తిరుగుతుంటే మామూలు కాదు. డబుల్ క్లచ్‌లో పెడల్ ఆట సరిగా లేక రెండో ప్లేటు పూర్తిగా విడవడం లేదు, లేదా ఇండిపెండెంట్ పీటీవోలో బ్రేకు అరిగింది. పెడల్ ఆట ఎక్కువ బండ్లలో అంగుళం అటూ ఇటూ ఉంటుంది, సరైన కొలత మాన్యువల్‌దే. ఆట అసలు లేకపోతే జారుతుంది, మరీ ఎక్కువైతే విడవదు. ఇక నడిపేవాళ్లు ఎడమ కాలు పెడల్ మీదే ఆనించి ఉంచే అలవాటు ఒక్క దుక్కి సీజన్లోనే ప్లేటును తినేస్తుంది. మా తోటలో పనిచేసే అబ్బాయికి ఈ అలవాటు మానిపించడానికి నాకు రెండు నెలలు పట్టింది. చివరికి పెడల్ పక్కన చిన్న ఇనుప మెట్టు వెల్డింగ్ చేయించి కాలికి చోటు చూపిస్తే అప్పుడు మానాడు.

కారడం గురించి మొదటే చెప్పాను. కొలత మాత్రం ఇక్కడ రాసి పెడతాను, ఎందుకంటే అమ్మినవాళ్లు ఇది చెయ్యకుండానే రోటవేటర్ తగిలించి పంపేస్తారు. షాఫ్టును రెండు ముక్కలుగా విప్పండి. ఒకటి బండికి, ఒకటి పనిముట్టుకు తగిలించి, రెండు షాఫ్టులూ ఒకే ఎత్తులోకి వచ్చేలా లిఫ్టును ఆపి, ఇంజన్ కూడా ఆపండి. మామూలుగా షాఫ్టు అతి పొట్టిగా ఉండేది ఆ ఎత్తులోనే. రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎంత లోపలికి పోవాలో కనిపిస్తుంది. అప్పుడు కూడా కొన దగ్గర కనీసం అంగుళం ఖాళీ మిగలాలి. లేకపోతే పైన చెప్పినట్టు కొయ్యాలి. అలాగని ఎక్కువ కొయ్యకూడదు. పైకి ఎత్తినప్పుడు, కిందికి దించినప్పుడు షాఫ్టు సాగుతుంది. ఎంత సాగినా లోపలి గొట్టం మూడో వంతైనా బయటి గొట్టంలో ఉండాలి. మినీ బండ్లలో వెనక జాగా తక్కువ, షాఫ్టులు మాత్రం పెద్ద బండ్ల కొలతకు వచ్చేవి ఉంటాయి. అందుకే ఈ పేచీ చిన్న బండ్లలోనే ఎక్కువ.

కొట్టుకుంటోంది అంటారు, షాఫ్టు వణికితే. క్రాసు వంపులో తిరిగేటప్పుడు షాఫ్టు ఒకే వేగంతో తిరగదు. ప్రతి చుట్టులో రెండుసార్లు కాస్త వేగం పుంజుకుని రెండుసార్లు తగ్గుతుంది. రెండు చివర్లా వంపు సమానంగా ఉండి, గొట్టాల చివర ఉన్న రెండు యోకులూ ఒకే వరసలో ఉంటే ఒక చివరి ఎగుడుదిగుడును రెండో చివర సరిచేస్తుంది. గ్రీజు పెట్టడానికి షాఫ్టు విప్పి, నాలుగు పలకల గొట్టాన్ని ఒక పలక తప్పించి తిరిగి దూర్చేస్తే ఆ వరస పోతుంది. మర్నాటినుంచి బండంతా వణుకుతుంది. విప్పే ముందు రెండు గొట్టాల మీదా సుద్దతో ఒక గీత గీసుకుంటే ఈ పొరపాటు జరగదు. సాలు చివర రోటవేటర్‌ను తిప్పుతూనే పూర్తిగా పైకి ఎత్తడం కూడా ఇంతే చేటు. వంపు పెరిగి క్రాసులు దబదబమంటాయి. లిఫ్టు లివరుకు ఒక ఆపు బిగించి, బ్లేడ్లు నేలను విడిచేంతవరకే ఎత్తండి, లేదా పీటీవో ఆపి ఎత్తండి. క్రాసులకు ఎనిమిది, పది గంటలకోసారి గ్రీజు పెట్టాలి. నాలుగు కప్పుల అంచులనుంచీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. మూడింటినుంచే వచ్చిందంటే నాలుగోది ఎండిపోతోందని అర్థం.

షియర్ బోల్టు మాటిమాటికీ తెగుతోందని విసుగొచ్చి గట్టి బోల్టు బిగిస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. వేరు తగిలినా రాయి తగిలినా ఆ చిన్న బోల్టు తెగి మిగతా అంతటినీ కాపాడుతుంది. అది తెగకపోతే తెగేది గేరు. స్లిప్ క్లచ్ ఉన్నవాళ్లు ఒక సీజనంతా పనిముట్టును మూలన పెట్టి తీస్తే ప్లేట్లు తుప్పుతో అతుక్కుని ఉంటాయి. స్ప్రింగు నట్లను సమానంగా వదులు చేసి, ఒకసారి జారనిచ్చి, మళ్లీ పాత కొలతకే బిగించాలి. ఎన్ని చుట్లు వదులు చేశారో రాసుకోండి.

తువ్వాలు

ఈ అధ్యాయంలో ఇది రాయడం నాకు కష్టంగా ఉంది, రాయకపోతే మాత్రం తప్పు. షాఫ్టులో టకటక ఎక్కడినుంచి వస్తోందో వినాలని ఒక రోజు ఇంజన్ నడుస్తుండగానే వంగాను. భుజం మీద తువ్వాలు ఉంది. కొస జారి షాఫ్టుకు తగిలింది. లాగడం కూడా తెలియలేదు. కళ్లెదుట తువ్వాలు లేదు, మెడ పక్కన మంట మాత్రం ఉంది. గొట్టం చుట్టూ అది బొంగరానికి చుట్టిన తాడులా బిగిసిపోయింది. అది మెడ చుట్టూ లేదు, భుజం మీద ఊరికే వేసుకున్నాను కాబట్టి బతికాను.

540 చుట్లంటే సెకనుకు తొమ్మిది. ఏడు సెంటీమీటర్ల మందం ఉన్న గొట్టం ఒక చుట్టుకు 22 సెంటీమీటర్ల గుడ్డ చుట్టుకుంటుంది. అంటే సెకనులో దాదాపు రెండు మీటర్లు. లుంగీ, చీర కొంగు, చున్నీ, జడ, వీటిలో ఏదీ సెకను ఆగదు. ప్లాస్టిక్ తొడుగు పగిలితే కొత్తది కొనండి. దాని గొలుసు బండికి కట్టి ఉండాలి, లేకపోతే తొడుగు కూడా షాఫ్టుతో తిరుగుతుంది. బండి వెనక ఇనుప కప్పు ఊడదీసి పడేసినవాళ్లు మళ్లీ బిగించుకోండి. తిరుగుతున్న షాఫ్టును దాటకండి. షాఫ్టు ముట్టుకునే ముందు తాళం మీ జేబులో ఉండాలి. పెద్దాయన నా తాళం ఎందుకు తన జేబులో వేసుకున్నాడో నాకు ఆ తువ్వాలు పోయాకే అర్థమైంది.

చెప్పే పద్ధతి

ఇక ఫిర్యాదు. నేను రెండోసారి జాబ్ కార్డు మీద రాయించింది "పీటీవో లీకు" అని రెండే మాటలు. ఇప్పుడైతే ఇలా రాస్తాను:

"మీటర్ 172 గంటలు. సీలు మార్చింది 140 గంటల దగ్గర. నాలుగడుగుల రోటవేటర్, షియర్ బోల్టు షాఫ్టు. ఒంటరిగా పీటీవో తిప్పితే కారడం లేదు. రోటవేటర్‌తో గంట పనిచేశాక షాఫ్టు పక్క తడి వస్తోంది. లిఫ్టు మధ్య ఎత్తులో ఉన్నప్పుడు ఠక్‌మని చప్పుడు. లోపలి గొట్టం కొన మెరుస్తోంది. ఆయిల్ రంగు మామూలే. వెనక ఆయిల్ ఎన్నడూ మార్చలేదు. ఫోటోలు, వీడియో ఉన్నాయి. పనిముట్టు వెంట తెచ్చాను."

ఇది చదివిన మెకానిక్ బండిని విప్పకుండా నేరుగా షాఫ్టు దగ్గరికి వస్తాడు. అందులో కోపం లేదు, ఎవరి తప్పో లేదు. ఏం కనిపించిందో, ఎప్పుడు కనిపించిందో ఉంది. మీ తప్పు ఉంటే అదీ రాయండి. ఆయిల్ మార్చలేదని దాస్తే మెకానిక్ వేరే దారిలో వెతుకుతాడు, ఆ ఖర్చు మీదే. జాబ్ కార్డు నకలు అడిగి తీసుకోండి. మార్చిన పాత సామాను చూపించమనండి. అరిగిన తీరు దాని మీద రాసే ఉంటుంది: సీలు పెదవి ఒక పక్కే అరిగితే షాఫ్టు పక్కకు లాగుతోంది, బేరింగు గాడి ఒక వైపే గుంటలు పడితే ఏదో ఆ వైపు నెడుతోంది. బండి వారంటీ వేరు, రోటవేటర్ వారంటీ వేరు. రెండు కార్డులూ తేదీలతో ఒకే సంచిలో పెట్టుకోండి. సర్వీస్ తప్పిన బండి వారంటీ నిలబడటం కష్టం.

ఇంత చేసినా, తప్పు నిజంగా బండిలోనే ఉండీ వినేవాళ్లు లేకపోతే వెనక్కి తగ్గనక్కర్లేదు. కంపెనీకి రాతపూర్వకంగా పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. దానితో కాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్ ఉంది. మనం చెల్లించిన ధర 50 లక్షల లోపైతే కేసు అక్కడే వెయ్యాలి, నష్టం జరిగిన రెండేళ్ల లోపు వెయ్యాలి. బండిని పొలం పనికి వాడుతున్నావు కాబట్టి నువ్వు వినియోగదారుడివి కావని ఎవరైనా అంటే బెదరకండి. సొంత కష్టంతో బతుకుదెరువు కోసం కొన్న వస్తువు వ్యాపార వినియోగం కిందికి రాదని చట్టంలోనే ఉంది. 2012లో విత్తనాల విషయంలో మన ఆంధ్ర రైతులు గెలిచిన కేసులో రైతు వినియోగదారుడేనని సుప్రీంకోర్టు తేల్చింది. అయితే బండిని పూర్తిగా కిరాయికి తిప్పేవాళ్లకు వాదన కష్టమవుతుంది. కమిషన్ ముందు నిలబడేది మళ్లీ ఆ కాగితాలే: గంటలు, తేదీలు, జాబ్ కార్డులు, ఫోటోలు.

చేత్తో నేర్చుకోవాలనుకునేవాళ్లకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. రైతులకు అక్కడ శిక్షణ ఇస్తారు. ఇంట్లో బండి నడిపే కుర్రాడిని పంపండి. కుదిరితే కూతుర్నీ పంపండి.

పోయిన నెల పక్క తోట ఆయన కొత్త మినీ బండి తెచ్చాడు. రోటవేటర్ కూడా ఆ రోజే దిగింది. కొబ్బరికాయ కొట్టాక నన్ను పిలిచి "ఎట్టుంది బాబాయ్ బండి?" అన్నాడు. టేపు తెమ్మన్నాను. షాఫ్టు విప్పి, రెండు ముక్కల్నీ తగిలించి, లిఫ్టు సమానంగా నిలబెట్టి కొలిచాం. అంగుళన్నర ఎక్కువుంది. పసుపు కుంకుమ ఆరకముందే గొట్టం కొయ్యడానికి ఆయన మనసొప్పలేదు, మర్నాడు కోయిస్తానన్నాడు. ఆ రాత్రి రోటవేటర్ తగిలించకుండా పక్కన పెట్టమని చెప్పి వచ్చాను. పొద్దున్నే ఆరింటికి ఫోన్ చేశాడు, రంపం ఉందా అని.